ఐదు చుక్కల వెనక ముగ్గురు

పసిబిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే తల్లి ప్రాణం విలవిల్లాడుతుంది. ఒక్క పూటలో బిడ్డ కళ్లు గుంటలు పడతాయి. నాలుక ఎండిపోతుంది. ఒంట్లో నీరంతా పోతే బిడ్డ ప్రాణానికే ముప్పు.

"దిష్టి తగిలింది" అంటారు కొందరు. "పళ్లు వస్తున్నాయి" అంటారు ఇంకొందరు. కానీ పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు ఒక పెద్ద కారణం కంటికి కనిపించని క్రిమి. దాని పేరు రోటా వైరస్.

దీన్ని అడ్డుకోవడానికి ఒక చుక్కల మందు ఉంది. పేరు రోటావ్యాక్. తయారు చేసింది హైదరాబాద్ కంపెనీ. అయితే ఇది ఒక్కరి వల్ల అయిన పని కాదు. ముగ్గురు చేతులు కలిపారు. ఎవరా ముగ్గురు?

మొదటివారు: చదువు చెప్పేవారు

ఢిల్లీలో ఎయిమ్స్ అనే పెద్ద వైద్య విద్యాలయం ఉంది. అక్కడ డాక్టరు చదువు చెబుతారు. పరిశోధనలు కూడా చేస్తారు. 1985-86 ప్రాంతంలో అక్కడ డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన తోటివారు ఒక వింత చూశారు. అప్పుడే పుట్టిన కొందరు పిల్లల కడుపులో రోటా వైరస్ ఉంది. కానీ విరేచనాలు లేవు! తర్వాత కూడా వాళ్లకు ఆ జబ్బు తీవ్రంగా రాలేదు. ఈ రకం వైరస్‌తోనే టీకా చేయొచ్చని వాళ్లకు తోచింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వారు కూడా సాయం చేశారు.

రెండోవారు: తయారు చేసేవారు

యూనివర్సిటీ వారు దారి కనిపెట్టగలరు. కానీ లక్షల మంది పిల్లలకు సరిపడా మందు చేయలేరు. దానికి ఫ్యాక్టరీ కావాలి. ఆ పనికి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కంపెనీ ముందుకొచ్చింది.

మూడోవారు: డబ్బు ఇచ్చినవారు

టీకా తయారీకి ఏళ్లు పడుతుంది. చివరికి పని చేయకపోతే పెట్టిన డబ్బంతా మట్టిపాలు. పేదపిల్లల మందులో లాభమూ తక్కువే. అందుకే ఇలాంటి పనికి గ్రాంటు ఇస్తారు.

గ్రాంటు అంటే ఏమిటి? మన పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటే వడ్డీతో కట్టాలి. గ్రాంటు తిరిగి కట్టనక్కరలేదు. కానీ చెప్పిన పనికే వాడాలి. పైసా పైసాకు లెక్క చూపాలి.

ఈ టీకాకు కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికాలోని గేట్స్ ఫౌండేషన్ వంటివి గ్రాంట్లు ఇచ్చాయి. కంపెనీ తన సొమ్మూ పెట్టింది. ప్రభుత్వాలకు ఒక్కో మోతాదు ఒక డాలరుకు మించకుండా ఇస్తామని మాట ఇచ్చింది. 2013 లెక్కలో అది 50 రూపాయల పైచిలుకు.

ఫలితం ఏమిటి?

2011లో ఢిల్లీ, పుణె, వెల్లూరులలో పెద్ద పరీక్ష మొదలైంది. 6,799 మంది పసిపిల్లలు అందులో ఉన్నారు. టీకా వేయనివారిలో 100 మందికి రోటా విరేచనాలు తీవ్రంగా వస్తే, వేసినవారిలో అంతే మంది పిల్లలకు గాను సుమారు 44 మందికే వచ్చాయి. 2014లో టీకాకు అనుమతి దొరికింది. 2016లో ముందుగా నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019 నాటికి రోటా టీకా దేశమంతా అందింది.

మనం ఏం చేయాలి?

బిడ్డకు 6 వారాలు, 10 వారాలు, 14 వారాలు నిండగానే ఈ టీకా వేయించాలి. రోటావ్యాక్ అయితే ప్రతిసారీ నోట్లో ఐదు చుక్కలు వేస్తారు. కొన్నిచోట్ల ఇదే జబ్బుకు వేరే కంపెనీ టీకా ఇస్తారు. కార్డులో రాయించుకోండి. రాసింది చదివి చూసుకోండి.

ఒక్క మాట మరవొద్దు. ఈ టీకా అన్ని విరేచనాలనూ ఆపదు. విరేచనాలైతే వెంటనే ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగించాలి. తల్లిపాలు ఆపకూడదు. బిడ్డ నీరసిస్తే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు ఎక్కడిది? మనం సబ్బు కొన్నా, బట్ట కొన్నా కట్టే పన్నులోది. అంటే ఆ ఐదు చుక్కల్లో మన డబ్బూ ఉంది. ఉచితంగా ఇచ్చే టీకా దానం కాదు. అడిగి వేయించుకోవడం మన హక్కు.

మాట్లాడుకోండి:
1. అప్పుకు, గ్రాంటుకు తేడా ఏమిటి?
2. ముగ్గురిలో ఒకరు లేకపోతే ఏమయ్యేది?
3. మన వాడలో ఏ బిడ్డకు ఈ టీకా ఇంకా పడలేదు?