తాగి పడుకున్నవాడు నిద్రపోతున్నాడా?

పెళ్ళివారి విడిదిలోనో, స్నేహితుడి గదిలోనో ఇలాంటి దృశ్యం మీరు చూసే ఉంటారు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు. ఎన్నడూ ముట్టనివాడు. పదిమందీ రెచ్చగొడితే పందెం కట్టి, అర సీసా విస్కీ గడగడా తాగేశాడు. కాసేపు పాటలు పాడాడు, కాసేపు ఏడ్చాడు, వాంతి చేసుకున్నాడు. ఇప్పుడు వెల్లకిలా పడి గురక పెడుతున్నాడు. “లేపకండి, పడుకోనివ్వండి. తెల్లారేసరికి దిగిపోతుంది” అంటూ అనుభవశాలి ఒకాయన తలుపు దగ్గరగా వేస్తాడు. అందరూ భోజనాలకి వెళ్ళిపోతారు.

అలా తలుపు వేసి వెళ్ళకూడదు. ఎందుకో చెబుతాను.

రక్తంలో మద్యం ఎంత ఉందో చెప్పడానికి, నూరు మిల్లీలీటర్ల రక్తానికి ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్క కడతారు. బండి నడిపేవాడికి మన చట్టం పెట్టిన హద్దు 30. విస్కీ కానీ బ్రాందీ కానీ 30 మి.లీ. పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అరవై కిలోల మగవాడు ఒక్క పెగ్గు తాగితే రక్తంలో 20 నుంచి 25 వరకు చేరుతుంది. ఆడవారి ఒంట్లో నీటి పాలు తక్కువ గనక, అంతే తాగినా ఇంకొంచెం ఎక్కువే చేరుతుంది. ఇక మన కుర్రాడి లెక్క మీరే వెయ్యండి. అర సీసా అంటే 375 మి.లీ., అంటే పన్నెండున్నర పెగ్గులు. ఒక్కసారిగా తాగితే 300 దాపుకి పోతుంది!

100 దాటితే అడుగు తడబడుతుంది, మాట ముద్దగా వస్తుంది. 200 దాటితే నిలబడడం కష్టం. 300 దగ్గర, అలవాటు లేనివాడు స్పృహ తప్పుతాడు. 400 దాటితే, ఊపిరి తియ్యమని ఆజ్ఞలిచ్చే మెదడు భాగమే మొద్దుబారుతుంది. ప్రాణం పోవచ్చు.

సీసా కింద పెట్టగానే ఈ అంకె ఆగిపోదు. కడుపులో, పేగుల్లో ఉన్నది ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పది గంటలకి గురకపెట్టినవాడు పదకొండు గంటలకి ఇంకా మత్తులోకి జారవచ్చు. పైగా ఆ మత్తులో గొంతుకి కాపలా ఉండదు. పొరపోతే మనం దగ్గుతాం, వాడు దగ్గలేడు. వెల్లకిలా ఉండగా వాంతి వచ్చిందా, అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తెల్లవారి తలుపు తీసినవాళ్ళు చూసేది చాలాసార్లు ఈ పనే.

అయితే క్యాజువాలిటీలో పనిచేసేవారు దీనికి తలకిందులైన సంగతి కూడా చూస్తుంటారు. వేలికి దెబ్బ తగిలిందని ఒకాయన తన కాళ్ళమీద తనే నడిచి వస్తాడు, పేరు, ఊరు చక్కగా చెబుతాడు. పరీక్ష చేస్తే 400! లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో 1982లో ఒక కేసు వచ్చింది. అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో 24 ఏళ్ళ యువతి. ఆమె రక్తరసంలో మద్యం 1,510 మిల్లీగ్రాములు. లెక్కప్రకారం మూడుసార్లు చనిపోవాలి. ఆమె కాస్త తికమకపడుతూ, చిరాకుపడుతూ ఉన్నా మెలకువగానే ఉంది, బతికింది కూడా. (రక్తరసంలో కొలిస్తే, మామూలు రక్తంలో కన్నా అంకె కొంచెం ఎక్కువ చూపుతుంది. ఆ కొంచెం తీసేసినా ఇది ఊహకందని మాటే.)

“చూశారా, మా ఆయన ఎంత తాగినా తొణకడు” అనుకునేవారు ఇక్కడ ఆగాలి. తొణకకపోవడం ఆరోగ్యం కాదు. లారీ బ్రేకుమీద కాలు తీయకుండా తొక్కిపెట్టారనుకోండి. బండి కదలాలంటే యాక్సిలరేటరు బలంగా నొక్కాలి. మద్యం మెదడుకి బ్రేకు. రోజూ తాగేవాడి మెదడు, ఆ బ్రేకుని తట్టుకోవడానికి యాక్సిలరేటరు నొక్కి నొక్కి అలవాటు పడుతుంది. అందుకే 400తో మాట్లాడగలుగుతాడు. ఇప్పుడు ఆ బ్రేకు ఒక్కసారిగా తీసేస్తే?

అదే జరుగుతుంది, కాలు విరిగి ఆసుపత్రిలో చేరినప్పుడు. మందు అందదు. ఆరేడు గంటలకి చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండోనాటికో మూడోనాటికో గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు, మంచం దిగి పారిపోబోతాడు. బంధువులు గాలి సోకిందంటారు. గాలీ కాదు, దెయ్యమూ కాదు. దీనికి మంచి మందులున్నాయి, వేళకి ఇవ్వకపోతే ప్రాణానికే ముప్పు. రక్తంలో మద్యం పూర్తిగా పోకముందే కొందరికి ఇది మొదలవుతుంది. ఏళ్ళ తరబడి తాగినవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి ‘మాన్పించే’ ఇల్లాళ్ళూ, అన్నదమ్ములూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మాన్పించండి, కానీ డాక్టరు సాయంతో.

అంకె చూసి ధైర్యపడకూడదని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. రోజూ తాగే మనిషి 150 మాత్రమే ఉండి స్పృహ లేకుండా పడి ఉంటే, దానికి మందు కారణం కాదు. వేరే ఏదో ఉంది. మెట్లమీంచి పడి తలలో రక్తం గడ్డ కట్టిందేమో! అన్నం మాని తాగడంవల్ల రక్తంలో చక్కెర పడిపోయిందేమో! నిద్రమాత్రలు మింగాడేమో! నోటి దగ్గర వచ్చే వాసన వీటన్నిటినీ కప్పేస్తుంది. ఇంట్లోవాళ్ళే కాదు, అలసిన డ్యూటీ డాక్టరు కూడా ఒక్కోసారి ఆ వాసనతో మోసపోతాడు. చవకరకం కల్తీసారాలో మిథనాల్ కలిస్తే మరీ మోసం. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. కొన్ని గంటలు పోయాక, మర్నాటికి, చూపు మసకబారుతుంది, కడుపులో నొప్పి, ఆయాసం. తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో 2024 జూన్‌లో అరవైమందికి పైగా పోయింది దీనితోనే.

ఇక మన చిట్కాలు. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు రసం, కాఫీ, నెత్తిన బిందెడు నీళ్ళు. వీటిలో ఏదీ రక్తంలోని మద్యాన్ని ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గించదు. ఆ పని కాలేయానిది. గంటకి 15 నుంచి 20 చొప్పున, బాగా అలవాటున్నవాడికి 30 దాకా, అది తన తీరున చేసుకుపోతుంది. తొందరపెట్టలేం. “ఒక సెలైను ఎక్కించండి, దిగిపోతుంది” అంటారు చాలామంది. సెలైను వాంతులవల్ల పోయిన నీటిని పూరిస్తుంది, అంతే. ఆసుపత్రిలో అసలు చేసేది శ్వాస నిలబెట్టడం, చక్కెర చూడడం, బి1 విటమిను ఇంజక్షను ఇవ్వడం, తలకి దెబ్బ ఉందేమో వెతకడం. ఇవేవీ ఇంట్లో కుదరవు. మత్తులో ఉన్నవాడి నోట్లో మజ్జిగ పొయ్యడం, వేలు పెట్టి కక్కించడం మాత్రం ఇంట్లో జరిగే ప్రమాదాలు.

మీరు చెయ్యగలిగినది వేరే ఉంది. ముందు గట్టిగా పిలవండి, భుజం తట్టండి, ఛాతీ మధ్య ఎముకమీద పిడికిలితో రుద్దండి. కళ్ళు తెరిచి సరిగా జవాబిస్తే, ఒకపక్కకి తిప్పి పడుకోబెట్టి, మనిషి దగ్గరే కూర్చోండి. లేవకపోయినా, నిమిషానికి ఊపిరి ఎనిమిదికి తగ్గినా, రెండు శ్వాసల మధ్య పది సెకన్లు ఎడం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఒళ్ళు చల్లబడినా, మూర్ఛ వచ్చినా 108కి ఫోను చెయ్యండి. పరువు సంగతి తర్వాత. బండి వచ్చేలోపు పక్కకి తిప్పే ఉంచండి. తాగిన సీసా దొరికితే వెంట తీసుకెళ్ళండి.

కాలు విరిగిందనో, ఆపరేషను అనో ఆసుపత్రిలో చేర్పించేటప్పుడు, నలుగురిలో చెప్పలేక చాలామంది ఇల్లాళ్ళు “ఎప్పుడో పండగకి కొంచెం, డాక్టరుగారూ” అంటారు. మూడోనాటి రాత్రి పురుగులు కనబడ్డాక నర్సు చెవిలో అసలు సంగతి చెబుతారు. డ్యూటీ డాక్టరుని పక్కకి పిలిచి రెండు ముక్కలు చెప్పండి. రోజుకి ఎంత తాగుతాడు, ఆఖరుసారి ఎన్ని గంటలకి తాగాడు. కేసు షీటులో మొదటిరోజునే అవి రాయించండి.