యురేనియం లెక్కలు, ఇరాన్ ఉద్దేశాలు

విద్యుత్తు కోసం యురేనియాన్ని శుద్ధి చేసే కర్మాగారానికీ, బాంబు కోసం శుద్ధి చేసే కర్మాగారానికీ యంత్రాల్లో తేడా ఉండదు. రెండింటిలో తిరిగేవీ సెంట్రిఫ్యూజ్‌లే, వాటిలోకి పంపేదీ యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువే. మారేదల్లా ఆ వాయువును ఎన్ని అంచెలు దాటించారు, ఎక్కడ ఆపారు అన్నది మాత్రమే. ఇరాన్ అణు కార్యక్రమం చుట్టూ రెండు దశాబ్దాలకు పైగా సాగిన వివాదానికి మూలం ఇదే కనుక, ఆ దేశం ఆంతర్యమేమిటన్న ప్రశ్నకు నాయకుల ప్రకటనల్లో కంటే కిలోగ్రాముల్లోనూ యంత్రాల సంఖ్యలోనూ జవాబు వెతకడం మేలు.

గనిలో దొరికే యురేనియంలో ప్రతి 1,000 పరమాణువులకు సుమారు 7 మాత్రమే యురేనియం-235 రకానివి. తక్కినవి దాదాపు అన్నీ యురేనియం-238. న్యూట్రాన్ తాకగానే సులువుగా చీలిపోయి, విచ్ఛిత్తి గొలుసును నడిపించగలిగేది మొదటి రకం. ఈ రెండింటి రసాయన గుణాలు ఒక్కటే, ఉన్న తేడా మూడు న్యూట్రాన్ల బరువు. అందుచేత యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపి వాయురూపానికి తెచ్చి, సన్నని నిలువు గొట్టంలో సెకనుకు వెయ్యి చుట్ల వేగంతో తిప్పితే, బరువైన అణువులు గోడవైపూ తేలికైనవి నడిమివైపూ కొద్దిగా ఎక్కువగా చేరతాయి. ఒక్క యంత్రం చేయగల వేర్పాటు అత్యల్పం కాబట్టి, ఒకదాని నుంచి మరొకదానికి వాయువు ప్రవహించేలా వందలకొద్దీ యంత్రాలను జోడిస్తారు. ఈ వరుసకు క్యాస్కేడ్ అని పేరు; ఇరాన్ తొలినాళ్లలో ఒక్కో క్యాస్కేడ్‌లో 164 యంత్రాలను అమర్చింది.

శుద్ధి శాతాలు పైకి కనిపించే క్రమంలో అర్థమయ్యేవి కావు. 4 శాతం నుంచి 90 శాతం చాలా దూరమని ఎవరికైనా తోస్తుంది గానీ, పరమాణువులను లెక్కపెడితే సంగతి తలకిందులవుతుంది. మధ్యలో పోయే నష్టాలను పక్కనబెట్టి చూస్తే, విద్యుత్ రియాక్టర్లకు సరిపడే 4 శాతం యురేనియం కావాలంటే, మొదటి వెయ్యిలో ఉన్న 993 అనవసర పరమాణువుల నుంచి దాదాపు 825ను తొలగించాలి. అక్కడి నుంచి 20 శాతానికి మరో 140, 60 శాతానికి మరో 23 తొలగిస్తే చాలు. 60 నుంచి ఆయుధస్థాయి అయిన 90 శాతానికి వెళ్లడానికి మిగిలిన పని నాలుగు పరమాణువులదే. అగ్రదేశాలతో కుదిరిన 2015 అణు ఒప్పందం ఇరాన్‌ను 3.67 శాతం దగ్గర నిలబెట్టిందంటే, ఆ గీత వెనుక ఉన్నది ఈ అంకగణితమే.

అంతకంటే ఇబ్బందికరమైన లెక్క మరొకటుంది. రష్యా నిర్మించిన 1,000 మెగావాట్ల బుషెహర్ రియాక్టర్‌కు ఏటా కావలసిన ఇంధనాన్ని ఇరాన్ తన మొదటితరం ఐఆర్-1 యంత్రాలతోనే తయారుచేసుకోవాలంటే, అటువంటివి లక్షకు పైగా ఏడాది పొడవునా తిరగాలి. ఒక బాంబుకు సరిపడే పదార్థానికైతే, అంటే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొలమానం ప్రకారం 25 కిలోల యురేనియం-235కు, ఐదారు వేల యంత్రాలు ఏడాది పనిచేస్తే సరిపోతుంది. విద్యుత్తుకు బొత్తిగా చాలని కర్మాగారం బాంబుకు దండిగా సరిపోతుందన్నమాట. పైగా బుషెహర్ ఇంధనాన్ని రష్యాయే సరఫరా చేస్తోంది. స్వావలంబన కోసం ముందుగా చిన్నగా మొదలుపెట్టామన్న ఇరాన్ వాదనను కొట్టిపారేయలేము. అయితే ఆ వాదనకు ఈ లెక్కలు తోడ్పడవు.

అనుమానం బలపడడానికి అసలు కారణం మాత్రం గోప్యత. నతాంజ్‌లో నేల కింద కడుతున్న శుద్ధి కేంద్రం గురించి 2002 ఆగస్టులో ప్రవాస ప్రతిపక్ష బృందం ఒకటి బయటపెట్టే దాకా ప్రపంచానికి తెలియదు. అప్పటి నిబంధనల ప్రకారం కేంద్రంలోకి అణుపదార్థాన్ని తీసుకురావడానికి 180 రోజుల ముందు తెలియజేస్తే చాలు కాబట్టి, కట్టడాన్ని చెప్పకపోవడం ఒక్కటే ఉల్లంఘన కాదు. యురేనియం వాయువుతో చాటుగా పరీక్షలు జరపడం మాత్రం ఉల్లంఘనే, అది కలాయె ఎలక్ట్రిక్ అనే కార్ఖానాలో బయటపడింది. అక్కడ నమూనాలు తీయడానికి 2003 మార్చిలో తనిఖీదారులను అనుమతించలేదు. ఆగస్టులో అనుమతి దొరికేసరికి భవనం రూపురేఖలు చాలావరకు మారిపోయాయి. అయినా దూదిగుడ్డతో తుడిచి ప్రయోగశాలకు పంపిన నమూనాల్లో అధిక శుద్ధి యురేనియం రేణువులు కనిపించాయి. ఆ రేణువుల్లో చాలావరకు పాకిస్తాన్ నుంచి వచ్చిన యంత్రభాగాలకు అంటుకుని వచ్చినవేనని తర్వాత తేలింది. తుడిచిన గుడ్డ ఒకటే, అది యురేనియం వాయువు వాడలేదన్న అబద్ధంలో ఇరాన్‌ను పట్టించి, సొంతంగా అధిక శుద్ధి చేసిందన్న ఆరోపణ నుంచి చాలావరకు తప్పించింది. 2009లో కోమ్ నగరం దగ్గర కొండ కింద ఫోర్దో కేంద్రం వెలుగుచూశాక, మూడు వేల యంత్రాలే పట్టే ఆ గదులు ఏ విద్యుత్ అవసరం తీరుస్తాయన్న ప్రశ్నకు నమ్మదగిన సమాధానం రాలేదు.

బాంబుకు రెండో దారి ప్లుటోనియం. రియాక్టర్‌లో యురేనియం-238 న్యూట్రాన్‌ను గ్రహించి క్రమంగా ప్లుటోనియంగా మారుతుంది, వాడిన ఇంధనం నుంచి దాన్ని రసాయనికంగా వేరుచేయవచ్చు. ఈ దారి ఎలా ఉంటుందో భారతీయ పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు: శాంతియుత వినియోగం కోసమని కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టర్ ప్లుటోనియమే 1974 మే 18న పోఖ్రాన్‌లో పేలింది, దాన్నీ శాంతియుత విస్ఫోటనమనే ప్రకటించారు. ఇరాన్‌లోని అరాక్ భారజల రియాక్టర్‌కు ఈ దారిని 2015 ఒప్పందం మేరకు 2016 జనవరిలో మూసేశారు. గర్భపాత్రను బయటికి తీసి, అందులో కాంక్రీటు పోశారు.

శుద్ధి సామర్థ్యం ఉన్న ప్రతి దేశమూ బాంబు కోరుతోందనుకోవడం పొరపాటు. జపాన్ దగ్గర శుద్ధి కేంద్రంతోపాటు టన్నులకొద్దీ ప్లుటోనియం ఉంది, బ్రెజిల్ సొంతంగా యురేనియాన్ని శుద్ధి చేస్తోంది. వాటిని ఎవరూ ఇంతగా అనుమానించడం లేదు. ఇందులో రాజకీయ స్నేహాల పాత్ర లేదనలేము గానీ, ఇరాన్ విషయంలో పదార్థాలకు మించిన ఆధారం కూడా ఉంది. పేలుడు పరికరానికి సంబంధించిన పనులు 2003 చివరి వరకు సమన్వయంతో సాగాయనీ, 2009 తర్వాత జరిగినట్లు నమ్మదగిన సూచనలు లేవనీ అణుశక్తి సంస్థ 2015 డిసెంబరులో తేల్చింది. అంటే ఒకప్పుడు కోరిక ఉంది, తర్వాత అది ఆగింది. దానికి కావలసిన సామర్థ్యం మాత్రం పెరుగుతూనే వచ్చింది. బాంబు చేయకుండా, చేయగల దూరంలో నిలబడడమే ఇరాన్ విధానమన్నది ఈ రెండు వాస్తవాలకూ పొసగే వివరణ.

2018 మేలో అమెరికా 2015 నాటి ఒప్పందం నుంచి వైదొలిగాక ఆ దూరం తగ్గుతూ వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఇరాన్ 60 శాతం శుద్ధి మొదలుపెట్టి, వైద్య ఐసోటోపుల కోసమని చెప్పింది. మరుసటి ఏడాది తనిఖీ కెమెరాలను తీయించింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, అమెరికా దాడులకు ముందు 60 శాతం నిల్వ 440.9 కిలోలుగా సంస్థ లెక్కగట్టింది. మరింత శుద్ధి చేస్తే అలాంటిది సుమారు 42 కిలోలుంటే ఒక బాంబుకు సరిపోతుందని అదే సంస్థ కొలమానం. ఆ నిల్వను ఉంచేది పెద్ద భవనాల్లో కాదు, వాహనంలో తరలించగలిగే చిన్న ఉక్కు సిలిండర్లలో.