నీరు నిండేలోగా నిర్ణయించాలి: పురావస్తు ప్రాజెక్టుల నిర్వాహకుల పని ఏమిటి?

కృష్ణా నదిపై ఆనకట్ట నిర్మాణం ఖాయం కాగానే నాగార్జునకొండ లోయకు గడువు పడింది. జలాశయం నిండేలోగా ఆ నేలలో ఏమున్నదో తేల్చాలి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. రాతియుగపు పనిముట్లు మొదలుకొని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాల వరకు ఎన్నో బయటపడ్డాయి.

అన్నింటినీ కాపాడటం సాధ్యం కాలేదు. తొమ్మిది కట్టడాలను విడదీసి, ముంపు లేని ఎత్తైన చోట తిరిగి నిర్మించారు. మరో పద్నాలుగింటికి నమూనాలు తయారుచేశారు. మిగిలినవి నీట మునిగాయి.

దేనిని తరలించాలి? దేనిని కొలిచి, చిత్రించి వదిలివేయాలి? ఉన్న కొద్ది కాలాన్ని ఎక్కడ వెచ్చించాలి? ఈ నిర్ణయాలే నేడు కొందరికి వృత్తి.

వృత్తిగా ఎలా మారింది?

అమెరికాలో 1966లో వచ్చిన జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం ఇందుకు దారితీసింది. ఫెడరల్ ప్రభుత్వ నిధులతోనో, అనుమతితోనో చేపట్టే పనుల వల్ల చారిత్రక స్థలాలపై పడే ప్రభావాన్ని ముందుగానే పరిశీలించాలని ఆ చట్టంలోని 106వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ఆ పరిశీలన జరిపేందుకు ప్రైవేటు సలహా సంస్థలు పుట్టుకొచ్చాయి. వాటిలో ప్రాజెక్టు నిర్వాహకులు టెండరు నుంచి తుది నివేదిక వరకు ఖర్చుకు, సిబ్బందికి, గడువుకు బాధ్యత వహిస్తారు.

భారతదేశంలో పరిస్థితి వేరు. రక్షిత కట్టడాల సంరక్షణకు, పురావస్తు తవ్వకాల నియంత్రణకు 1958 నాటి చట్టం ఆధారం. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అందువల్ల ఇక్కడి సలహాదారుల పని ఎక్కువగా సర్వే, ప్రభావ అంచనా, నమోదు, సంరక్షణ ప్రణాళికల చుట్టూ తిరుగుతుంది.

పని ఎక్కడ మొదలవుతుంది?

పార పట్టకముందే, కాగితాల మధ్య మొదలవుతుంది. పాత పటాలు, గెజిటీర్లు, శాసనాలు చూస్తారు. ఆ తర్వాత పొలాల వెంట నడుస్తారు. తెలుగు పల్లెల్లో పాటిదిబ్బ అని పిలిచే చోటు పూర్వపు జనావాసం కావచ్చు. అక్కడి మట్టిని రైతులు ఎరువుగా పొలాలకు తోలుకోవడం పాత అలవాటే. అటువంటి దిబ్బ ఎక్కడున్నదో పటంలో లేకపోయినా ఊరి పెద్దలకు తెలిసి ఉంటుంది.

రహదారి ఇంకా కాగితంపై ఉన్నప్పుడే ఈ సంగతి తెలిస్తే దాని మార్గాన్ని కొద్దిగా జరపవచ్చు. యంత్రాలు దిగిన తర్వాత తెలిస్తే పని ఆగుతుంది, ఖర్చు పెరుగుతుంది, ఒత్తిడి మొదలవుతుంది. తవ్వకంలో అనుకోకుండా వస్తువులు దొరికితే పని ఆపి, ఆ చోటికి కంచె వేసి, అధికారులకు తెలియజేసే పద్ధతిని కూలీలకు, యంత్రచోదకులకు ముందే నేర్పడం నిర్వాహకుల బాధ్యత. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది.

అసలు చిక్కు

సలహాదారులకు రుసుము చెల్లించేది సాధారణంగా ఆ నిర్మాణాన్ని తలపెట్టినవారే. స్థలం విలువైనదని తేలితే నష్టపోయేదీ వారే. అందుకే చేతిలోని ఆధారాన్ని ఉన్నదున్నట్టుగా రాయగలగడం, తవ్వకపు నైపుణ్యంతో సమానమైన అర్హత.

ఇక రెండవ చిక్కు నివేదిక. తవ్విన స్థలం మళ్లీ తవ్వడానికి ఉండదు. మునిగిన స్థలం చూడటానికీ ఉండదు. నాగార్జునకొండ తవ్వకాలు 1960లో ముగియగా, నివేదిక మొదటి సంపుటం 1975లోను, రెండవది 2006లోను వెలువడ్డాయి. తవ్వకాలకు పట్టిన కాలం ఆరేళ్లు. వాటి ఫలితాలు పూర్తిగా పుస్తకరూపం దాల్చడానికి మరో నలభై ఆరేళ్లు పట్టింది. ఒప్పందంలో తవ్వకానికే కాక, రాతకు కూడా నిధులు, గడువు కేటాయించే నిర్వాహకులు ఆ నేలకు రెండవ ఆయుష్షు పోసినట్టే.