తాత తుపాకీ దొరికిందా? స్టేటస్ పెట్టకండి!

ఉట్నూర్‌లో పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద గోనెసంచిలో పొడవాటి తుపాకీ బయటపడిందనుకోండి. 'అడవిపందులు చేను ఆగం చేస్తున్నయ్, దీనితో ఒక్కటి కొడదాం' అనిపిస్తుంది. ఆగండి!

లోపల తూటా ఉండొచ్చు. బోల్టు లాగొద్దు, ట్రిగ్గర్ ముట్టొద్దు. కళ్లతోనే చూడండి. బోల్టు పిడి దిగువన, కర్ర మొదలయ్యే చోట ఇనుము మీద కిరీటం గుర్తు, 'జీఆర్ఐ' అక్షరాలు, ఒక సంవత్సరం ఉన్నాయా? అయితే అది కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ కావొచ్చు. మనవాళ్లు 'త్రీ నాట్ త్రీ' అనేది దీన్నే. దాదాపు 4 కిలోల బరువు, 10 తూటాల మ్యాగజైన్. చూడ్డానికి అలాగే ఉన్నా, పోలీసుల కోసం మార్చిన .410 మస్కెట్ కూడా అయ్యుండొచ్చు. అందులో ఒకసారికి ఒకటే తూటా.

ఏదైనా సరే, రెండూ నిషేధిత ఆయుధాలే. తాతకు లైసెన్స్ ఉన్నా అది మనవడికి దానంతటదే రాదు. పట్టుబడితే 2019 సవరణ ప్రకారం 7 నుంచి 14 ఏళ్ల జైలు.

ఇక వేటంటారా? తాతల కాలంలో పర్మిట్ తీసుకుని షికారు చేసేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ రోజులు పోయాయి. పైగా మన పక్కనున్న కవ్వాల్ 2012 నుంచి టైగర్ రిజర్వ్. పందులు పంట తింటే అటవీ శాఖకు ఫిర్యాదు చేసి, పరిహారం అడగండి.

మరి తుపాకీ? పెద్దవాళ్లకు చెప్పి, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయండి. పాత లైసెన్స్ కాగితాలుంటే చూపించి, ఆలస్యం చేయకుండా అప్పగించి, రసీదు తీసుకోండి. తాత జ్ఞాపకానికి ఆయన ఫొటో చాలు!