నర్సమ్మ చదువుకు ఖర్చెవరిది?

సిరిసిల్లలో సర్కారు నర్సింగ్ కాలేజీని 2021 జూలైలో ప్రారంభించారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆ ఊరికి వచ్చింది 2023 సెప్టెంబరులో. నర్సుల చదువు డాక్టర్ల చదువు కంటే ముందొచ్చిన ఊళ్లు మన దగ్గర అరుదు. మామూలుగా ముందు మెడికల్ కాలేజీ అడుగుతాం, దానికోసం ధర్నాలు చేస్తాం, అది వచ్చాక మిగిలిన జాగాలో నర్సింగ్ కాలేజీ. నర్సింగ్ కాలేజీ కావాలని బంద్‌కు పిలుపునిచ్చిన నాయకుడెవరైనా మీకు గుర్తున్నాడా?

పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలు కలిపి చూస్తే సర్కారు మెడికల్ కాలేజీలు ఇప్పుడు ఎనిమిది. ఆదిలాబాద్ రిమ్స్ 2008లో వచ్చింది. తర్వాత పద్నాలుగేళ్లు ఇంకొకటి లేదు. 2022 నవంబరులో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం. మరో పది నెలలకు కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. రామగుండం కాలేజీకి సింగరేణి సొమ్ము పెట్టింది కాబట్టి బొగ్గుబాయి కార్మికుల చెమట కూడా అందులో ఉంది. కాలేజీ వెంట పడకలూ పెరిగాయి. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చిపోయే పది నిమిషాలు పోను, మిగతా పొద్దంతా, రాత్రంతా ఆ పడకను కనిపెట్టుకుని ఉండేది సిస్టరే.

ఎంతమంది కావాల్సి వచ్చారో నియామకాలే చెబుతాయి. 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిన ప్రభుత్వం తర్వాత ఆ సంఖ్యను 7,094కు పెంచింది. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు పంచారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే మరో 2,050 పోస్టులకు ప్రకటన వచ్చింది. కాలేజీలు పెంచాలా వద్దా అన్న చర్చ అక్కడితో ముగిసినట్టే. ఇక తేలాల్సింది ఖర్చు సంగతి.

2023 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ దేశవ్యాప్తంగా 157 నర్సింగ్ కాలేజీలకు 1,570 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కాలేజీకి పది కోట్లు. 2014 తర్వాత కేంద్ర పథకం కింద వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే ఇవి కట్టాలని షరతు. ఆ పథకంలో తెలంగాణకు ఒక్క మెడికల్ కాలేజీ రాలేదు కనుక నర్సింగ్ కాలేజీల్లోనూ మన వాటా సున్నా. ఆ తప్పు ఎవరిదని అప్పుడు కేంద్రంలో, రాష్ట్రంలో అధికారంలో ఉన్న రెండు పార్టీలు చాలాకాలం వాదించుకున్నాయి. ఎవరిదైనా బిల్లు మాత్రం రాష్ట్ర ఖజానాకే వచ్చింది. 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి 16 నర్సింగ్ కాలేజీలను, 28 పారామెడికల్ కాలేజీలను ఒకే రోజు ప్రారంభించారు. అదంతా రాష్ట్రం నెత్తిన పడ్డ భారమే.

శిలాఫలకం మీద కనిపించేది భవనం ఖర్చు. అది ఒక్కసారి పెట్టేది. ఏటా పెట్టాల్సిన ఖర్చు ఫలకం మీద ఉండదు. స్టైపెండ్ సంగతే తీసుకోండి. గత ప్రభుత్వ హయాంలో సర్కారు కాలేజీల విద్యార్థినులకు దాన్ని గట్టిగానే పెంచారు. బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది నెలకు 1,500 ఉన్నది 5,000 అయింది. రెండో ఏడు 6,000, మూడో ఏడు 7,000, చివరి ఏడు ఇంకా ఎక్కువ. ఈ లెక్కన ఒక అమ్మాయికి నాలుగేళ్లలో 3 లక్షలకు పైనే. ఏడాదికి అరవై సీట్ల కాలేజీలో నాలుగు బ్యాచ్‌లూ నిండితే స్టైపెండే ఏటా దాదాపు రెండు కోట్లు అవుతుంది. అంటే కేంద్రం ఒక కాలేజీకి లెక్కగట్టిన పది కోట్లు ఇక్కడ అయిదేళ్ల స్టైపెండ్‌కే సరి. జీతాలు, హాస్టల్, వార్డులకు తిప్పే బస్సు ఇందులో కలపలేదు.

ఈ డబ్బును దానమనుకునేవాళ్లు ఒకసారి సర్కారు దవాఖానలో రాత్రి షిఫ్టు చూడాలి. ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, సెలైన్ బాటిళ్లు మార్చడం... ఈ పనుల్లో చాలా భాగం స్టూడెంట్ నర్సుల చేతుల మీదుగానే నడుస్తుంది. స్టైపెండ్‌లో కొంత కూలి కిందే లెక్క. అది నెలనెలా అందకపోతే ఆ పిల్లలు ఉత్తపుణ్యానికి పనిచేస్తున్నట్టే.

ఇంతకంటే కష్టమైనది పంతుళ్ల లెక్క. పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. నాలుగు బ్యాచ్‌లకు 240 మంది అనుకుంటే 24 మంది కావాలి. ఎమ్మెస్సీ నర్సింగ్ చదివిన మనిషి హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిని వదులుకుని ఆసిఫాబాద్‌కు ఎందుకు రావాలి? ఆమె రాకపోతే వార్డులోని సీనియర్ సిస్టర్లను డిప్యుటేషన్ మీద క్లాసుకు పంపుతారు. కాలేజీ నిలబడుతుంది, వార్డు ఖాళీ అవుతుంది. ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగులైనా ఉండాలన్నది ఇంకో నియమం. అరవై మంది నేర్చుకోవాలంటే 180 మంది రోగులు. కొత్త దవాఖానల్లో పడకలున్నంత మాత్రాన సరిపోదు, వాటి మీద రోగులుండాలి. రోగులు రావాలంటే డాక్టర్లుండాలి. ఆదిలాబాద్ రిమ్స్‌లో 150 కోట్లతో కట్టిన సూపర్ స్పెషాలిటీ బ్లాకే చూడండి. భవనం లేచినంత వేగంగా నిపుణులు రాలేదు. ఇప్పటికీ గుండెకు, మెదడుకు కష్టమొస్తే జనం నాగపూర్ బండెక్కుతున్నారు.

చౌకదారి లేదా అంటే ఉంది. ప్రైవేటుకు అనుమతులిచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తే సర్కారు ఒక్క గోడ కూడా కట్టక్కర్లేదు. 2008లో మొదలైన ఆ పథకం పేదింటి ఆడపిల్లల్ని నర్సింగ్‌లోకి తెచ్చిందన్నది నిజం, దాన్ని తక్కువ చేయలేం. కానీ బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. సర్కారు కట్టని బాకీకి సర్టిఫికెట్ ఆగేది పిల్లదే. ఇక చౌకదారి చివరికి ఎక్కడికి చేరుతుందో మధ్యప్రదేశ్ చూపించింది. అక్కడ పడకలు, పంతుళ్లు లేని నర్సింగ్ కాలేజీల మీద హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశిస్తే, తనిఖీకి వెళ్లిన సీబీఐ ఇన్‌స్పెక్టరే లంచం కేసులో 2024లో అరెస్టయ్యాడు. 66 కాలేజీలు మూయాల్సి వచ్చింది.

ఆదిలాబాద్‌కు ఇంకో లెక్క ఉంది. స్టాఫ్ నర్సు కొలువు జోన్ పోస్టు, 95 శాతం స్థానికులకే. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల కలిసి బాసర జోన్. పోటీలో నిజామాబాద్, జగిత్యాల పిల్లలు ముందుంటారు, ఉట్నూరు ఏజెన్సీ పిల్ల వెనకుంటుంది. తప్పు ఆమెది కాదు, ఆమె చదివిన బడిలో సైన్స్ పంతులు లేకపోవడానిది. ఉద్యోగమొచ్చిన పట్నం అమ్మాయి ఆ ఏజెన్సీలో ఎన్నాళ్లుంటుంది? వర్షాకాలం జ్వరాల రోజుల్లో గోండు, కొలాం తల్లికి ఆమె భాషలో ‘ఈ మాత్ర అన్నం తిన్నాకే’ అని చెప్పగలిగే నర్సమ్మ ఎన్ని మెషీన్ల పెట్టు!

ఈ పని మనకు కొత్తేమీ కాదు. 1943లోనే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ సలహాతో పాత ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టింది. బయటి పంతుళ్లు అడవిలో నిలవరని తెలిసి, అడవిలోనే పంతుళ్లను తయారు చేసుకుంది. నర్సుల విషయంలో అదే పని చేయాలంటే ఏజెన్సీ పిల్లలకు సీట్లు పక్కన పెట్టడంతో సరిపోదు. ఇంటర్ బైపీసీలో చేరినప్పటి నుంచి పట్టించుకోవాలి, ఇంగ్లిషు నేర్పాలి, మొదటి ఏడాది తప్పితే చేయిపట్టి నిలపాలి. తలకు అయ్యే ఖర్చు కరీంనగర్ కంటే ఆదిలాబాద్‌లో ఎక్కువే అవుతుంది. కావాలి కూడా.

చదివాక పరాయి దేశం పోతే? విదేశీ ఉద్యోగాల కోసం పెట్టిన తన సంస్థ టామ్‌కామ్ ద్వారా రాష్ట్ర ప్రభుత్వమే జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతోంది. గల్ఫ్ తెలిసిన జగిత్యాల, సిరిసిల్ల జనానికి వలస వద్దని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు. అయితే మన పన్నులతో తయారైన నర్సు జర్మనీకి ఉచితంగా దొరుకుతోంది. నర్సుల్ని తీసుకునే దేశాలు పంపే దేశాల శిక్షణకు సాయపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నియమావళిలోనే రాసుకుంది. తీసుకెళ్లే ప్రతి నర్సుకు ఇంతని మన కాలేజీలకు ఇమ్మని ఒప్పందంలోనే అడగాలి.

సర్కారు నర్సింగ్ కాలేజీలకు ప్రజాధనం ఎక్కువే పడుతుంది, పడనివ్వాలి. దాచిపెట్టకుండా పడనివ్వాలి. వచ్చే బడ్జెట్‌లో మీ జిల్లా నర్సింగ్ కాలేజీకి భవనం కింద ఎంత, పంతుళ్ల జీతాలకు ఎంత, స్టైపెండ్‌కు ఎంత అని మీ ఎమ్మెల్యేని అడగండి. మొదటి అంకె ఒక్కటే చెబితే, మిగతా రెండూ చెప్పేదాకా వదలకండి.