చిన్న బాకీ, పెద్ద చిక్కు

పాలవానికి, పచారీ కొట్టువానికి బాకీ యుంచుట మనకు నామోషి. టెలిఫోను బాకీని మాత్రము మఱచుచున్నాము.

మాదాపూరులో 1998లో సైబర్ టవర్సు వెలసిన పిదప ఆ ప్రాంతమున కుద్యోగములకై వచ్చిన స్త్రీలు పెక్కురు. కొండాపూరునుండి గచ్చిబౌలికి ఇల్లు మారునపుడు పాత కనెక్షను మానుకొని, కడపటి బిల్లును విడిచిపెట్టుట కలదు. రెండువందల రూపాయలే గదా యనిపించును! కాని నెలనెల బిల్లు పంపు కంపెనీ ఆ బాకీని సిబిల్ వంటి ఋణసమాచార సంస్థకు తెలుపవచ్చును. అచట మన పేర 300 మొదలు 900 వఱకు నొక అంకె యుండును. ఫ్లాటు కొనుటకై బ్యాంకునకు పోయిననాడు ఆ అంకె తగ్గియున్నచో అప్పు పుట్టకపోవచ్చును, లేదా వడ్డీ హెచ్చవచ్చును. ఇరువది యేండ్ల యప్పుపై అరశాతము వడ్డీ యన నెంతయో గృహిణికి వేఱుగ చెప్పనేల?

భర్త వాడు ఫోనైనను భార్య పేర నున్నచో మచ్చ భార్యకే. దీనిని మనలో పలువురు గమనింపరు.

2017 నుండి ఇట్టి ప్రతి సంస్థయు ఏటేట నొకసారి మన నివేదికను ఉచితముగా నీయవలసి యున్నది. అందు తప్పున్నచో ఫిర్యాదు చేయుడు. 30 దినములలో సరిదిద్దనిచో, 2024 ఏప్రిలునుండి దినమునకు 100 రూపాయల పరిహారము మనకు రావలెను. బాకీ నిజమైనచో పూర్తిగ చెల్లించి, బాకీ లేదను పత్రము వ్రాయించుకొని దాచుకొనుడు. కొంత తగ్గించి రాజీపడినచో, ‘సెటిల్డ్’ అను మాట ఆ పద్దున నిలిచిపోవును.