చినుకు ఆగాలి, చెమట పోవాలి

పోయిన కార్తీకంలో ఒక ముసురు పొద్దున వినుకొండ నుంచి నూజెండ్ల బడికి గేర్ల సైకిలు మీద బయలుదేరాను. ఎదురుగాలి, సన్నటి వాన, పైగా చలి. ఒంటి మీద రబ్బరు పూత వేసిన కొత్త రెయిన్ కోటు, మెడ దాకా జిప్పు. బడి వరండాలో కోటు విప్పి చూసుకుంటే చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. పిండితే నీళ్ళు కారాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అది చూసి, "సార్, కోటుకు చిల్లు పడిందా?" అని అడిగింది.

చిల్లు పడిందేమోనని నాకూ అనుమానమే. కోటును తిరగేసి, ఇద్దరు పిల్లలు చెరో పక్క పట్టుకుంటే, వీపు భాగంలో చెంబెడు నీళ్ళు పోశాం. పది నిమిషాలు చూశాం. కింద గచ్చు మీద ఒక్క బొట్టు పడలేదు. "మరి మీరెట్లా తడిశారు సార్?" అంది ఆ అమ్మాయి. ఆ రోజు భౌతికశాస్త్రం పీరియడ్ మొత్తం ఆ ప్రశ్నకే సరిపోయింది. తర్వాత చాలా రోజులు నన్ను అదే పట్టుకుంది.

జవాబు లెక్కలో ఉంది. ఎదురుగాలిలో గట్టిగా తొక్కేటప్పుడు పెడల్ మీద 150 వాట్ల పని చేస్తున్నామనుకోండి. మన కండరాలు తిన్న తిండిలో దాదాపు నాలుగో వంతునే పనిగా మారుస్తాయి. మిగతా మూడు వంతులు, అంటే 450 వాట్లు, వేడిగా బయటపడతాయి. చొక్కా లోపల నాలుగైదు 100 వాట్ల పాత బల్బులు వెలుగుతున్నట్టు. గంటలో పుట్టే ఆ వేడి మొత్తాన్ని చెమటే మోసుకుపోవాలంటే 700 మిల్లీలీటర్ల దాకా ఆవిరి కావాలి. కొంత వేడిని చల్లగాలి పట్టుకుపోయినా, మిగిలిన చెమటకు దారి కావాలి. నా కోటు వానను ఎంత గట్టిగా ఆపిందో చెమటనూ అంత గట్టిగానే ఆపింది. నేను తడిసింది లోపలి నుంచే.

తడిస్తే ఏమవుతుంది, ఆరబెట్టుకోవచ్చుగా అనిపిస్తుంది. చలిలో అట్లా కుదరదు. నీరు వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాక్కుంటుంది. ఎత్తు ఎక్కినంతసేపు చెమట పట్టిన మనిషి, వాలులో తొక్కడం ఆపి జారిపోతుంటే ఐదు నిమిషాల్లో వణుకుతాడు. కొండదారుల్లో సైకిలు తొక్కేవాళ్ళు వానకంటే ఈ వణుకుకే ఎక్కువ భయపడతారు.

నా కోటు వంశానికి మూలపురుషుడు గ్లాస్గో నగరపు చార్లెస్ మకింటోష్. 1823లో ఆయన రబ్బరును నాఫ్తాలో కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి అతికించాడు. వాన ఆగింది. కానీ వేసుకున్నవాళ్ళు లోపల ఉడికిపోయారు. చినుకును ఆపడం ఆనాడే వచ్చింది. చినుకును ఆపుతూనే ఆవిరిని వదలడం తేలడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది.

అసలు ఆ రెండు పనులూ కొంతవరకు చేసే వస్తువు మన గొర్రెల కాపరుల భుజం మీద ఎప్పటి నుంచో ఉంది: గొంగళి. మన వైపు నెల్లూరు, మాచర్ల జాతి గొర్రెలకు ఒంటి మీద వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. గొంగళికి కావలసిన నల్ల ఉన్ని తెలంగాణ, రాయలసీమల దక్కనీ గొర్రెలది. దానికి చింతగింజల గంజి పట్టిస్తారు. నేత బిగుస్తుంది, చినుకు జారుతుంది. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను కడుపులో దాచుకుని కూడా పైకి తడిగా తగలదు. పైగా ఆ తేమను పీల్చుకునేటప్పుడు కొంచెం వేడిని విడుదల చేస్తుంది. తడిసిన గొంగళిలో కాపరికి వెచ్చగా ఉండటంలో ఉన్న రసాయనం ఇదే. కాకపోతే జోరువానలో నానితే బరువు మోయలేం, సైకిలు మీద అసలే మోయలేం.

పత్తి పండించే పల్నాడు వాళ్ళం కాబట్టి ఇంకో గుడ్డ సంగతి చెప్పకుండా ఉండలేను. రెండో ప్రపంచ యుద్ధంలో చల్లటి సముద్రంలో పడ్డ పైలట్లు నిమిషాల్లో చనిపోతుంటే, మాంచెస్టర్‌లోని షిర్లీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పొడుగు పింజ పత్తితో వెంటైల్ అనే గుడ్డ నేశారు. పూత మీద ఆధారపడకుండా నేతతోనే నీటిని ఆపడం దాని గొప్పతనం. పొడిగా ఉన్నప్పుడు పోగుల మధ్య సందుల్లోంచి చెమట పోతుంది. తడి తగలగానే పత్తి పోగులు ఉబ్బి ఆ సందులను అవే మూసేస్తాయి. నీళ్ళే తలుపు వేసుకుని నీళ్ళనే బయట నిలబెడతాయి. నాకు ఈ ఉపాయం ఎంతో ఇష్టం. అయితే తలుపు పడ్డాక చెమటకూ దారి సన్నగిల్లుతుంది, గుడ్డ అట్టలా బిగుస్తుంది.

తరగతిలో ఇక్కడిదాకా చెప్పి, నూజెండ్లలో హార్డ్‌వేర్ కొట్లో కొన్న తెల్లటి టేపు చుట్ట ఒకటి బల్ల మీద పెట్టాను. కుళాయి బిగించేటప్పుడు మర మీద చుట్టే టెఫ్లాన్ టేపు. బోరు వేసిన ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. జానెడు తెంపి, పలక మీద పరిచి, డ్రాపర్‌తో ఒక్క బొట్టు నీళ్ళు వేశాం. తామరాకు మీద పడ్డట్టు గుండ్రంగా ముత్యంలా నిలిచింది. పలక కాస్త వంచితే దొర్లిపోయింది, టేపు మీద తడి మచ్చ కూడా లేదు. ఆ పక్కనే చేతిరుమాలు మీద వేసిన బొట్టు చూస్తుండగానే పరుచుకుని ఇంకిపోయింది.

టెఫ్లాన్ అణువు పొడవాటి కర్బన గొలుసు. దాని చుట్టూ ఫ్లోరిన్ పరమాణువులు కంచెలా కమ్ముకుని ఉంటాయి. ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లను పిసినారిలా పట్టుకుంటుంది. పక్కవాటితో పొత్తు పెట్టుకోదు. అందుకే నీళ్ళు దాన్ని అంటుకోకుండా తమలో తామే ముడుచుకుంటాయి. బొట్టు అంచు ఆ పదార్థంతో చేసే కోణం, అంటే స్పర్శకోణం, దాదాపు 110 డిగ్రీలు. 90 దాటిందంటే ఆ పదార్థానికి నీళ్ళు గిట్టవని లెక్క.

ఇప్పుడు అసలు చోద్యం. కార్తీక దీపంలో వత్తి నూనెను పైకి లాగడం పిల్లలందరూ చూసిందే. వత్తి పోగుకు నూనె ఇష్టం, అందుకే పోగుల మధ్య సందు నూనెను లోపలికి పీలుస్తుంది. సందు ఎంత సన్నమైతే అంత గట్టిగా పీలుస్తుంది. పాఠ్యపుస్తకంలో కేశనాళికీయత అంటే ఇదే. మరి పోగుకు ద్రవం గిట్టకపోతే? అదే నియమం తిరగబడుతుంది. సందు నీటిని బయటికి నెడుతుంది, ఎంత సన్నమైతే అంత గట్టిగా నెడుతుంది. అంటే టెఫ్లాన్ పొరకు కోట్ల చిల్లులు పొడిచినా నీళ్ళు కారవు. చిల్లులు చిన్నవి కావాలంతే. ఆవిరికి ఈ బాధ లేదు. ఆవిరిలో నీటి అణువులు విడివిడిగా తిరుగుతాయి. వాటికి తలతన్యత అనే చర్మం లేదు. చిల్లు కనబడితే దూరిపోతాయి. టెఫ్లాన్‌తోనే చేసిన గోర్‌టెక్స్ అనే వానకోటు గుడ్డ పొరలోని చిల్లు చినుకు కంటే సుమారు 20,000 రెట్లు చిన్నది, నీటి ఆవిరి అణువు కంటే సుమారు 700 రెట్లు పెద్దది. ఆ రెండు అంకెల మధ్యే కోటు పనితనమంతా ఉంది.

అయితే అంత సన్నటి చిల్లులు అన్ని కోట్లు పొడిచేదెవరు? ఎవరూ పొడవలేదు. లాగితే వచ్చాయి. డ్యూపాంట్ రసాయన కంపెనీలో ఉద్యోగం వదిలిన బిల్ గోర్ 1958లో భార్యతో కలిసి, ఇంటి కింది గదిలో టెఫ్లాన్ తొడిగిన తీగల వ్యాపారం పెట్టాడు. 1969 అక్టోబరులో వాళ్ళ అబ్బాయి బాబ్, టెఫ్లాన్ కడ్డీలను వేడిచేసి సాగదీయాలని చూస్తున్నాడు. ఎంత మెల్లగా, ఎంత జాగ్రత్తగా లాగినా పుటుక్కున తెగుతున్నాయి. విసిగిపోయి, వేడి కడ్డీ తీసి రెండు చేతులా ఒక్క గుంజు గుంజాడు. తెగలేదు. బారెడు సాగింది, లావు మాత్రం తగ్గలేదు. కడ్డీ లోపల సన్నటి ముడులు, వాటిని కలుపుతూ సాలెగూడు దారాల్లాంటి పోగులు, మధ్యలో అంతా గాలి. పరిమాణంలో దాదాపు 70 శాతం గాలే. నెమ్మదిగా లాగితే విరిగేది వేగంగా లాగితే సాగుతుందని ఆ గుంజుతో తేలింది.

ఈ కథలో నాకు ఇంకా ఇష్టమైన మనిషి ఒకరున్నారు. న్యూజీలాండ్‌కు చెందిన జాన్ క్రాపర్. బాబ్ గోర్ కంటే ముందే, 1966 నాటికే, టెఫ్లాన్‌ను సాగదీసే యంత్రం తయారుచేశాడు. దేనికోసమనుకున్నారు? కుళాయి మరకు చుట్టే టేపు కోసం. యంత్రాన్ని అమెరికాలో ఒక కంపెనీకి ఇస్తూ, రహస్యం బయటపెట్టకూడదని షరతు పెట్టాడు. టేపు అమ్ముడైంది, పద్ధతి మాత్రం దాగే ఉంది. తర్వాత గోర్ పేటెంట్ల మీద గార్లాక్ కంపెనీతో వ్యాజ్యం నడిచినప్పుడు, క్రాపర్ ముందే కనిపెట్టాడు కదా అని వాదించారు. 1983లో అమెరికా అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. రహస్యంగా దాచి సరుకు మాత్రం అమ్ముకున్న ముందటి మనిషి కంటే, పద్ధతిని లోకానికి వెల్లడించిన తర్వాతి మనిషి వైపే చట్టం ఉంటుందంది. క్రాపర్ తెలివి తక్కువదేమీ కాదు. కానీ ఆ పొర టేపుగానే ఉండిపోకుండా కోటు కావడానికి, ఆ సంగతి పదిమందికీ తెలియడమే కారణమని నా నమ్మకం. పిల్లలకు కూడా అదే చెప్పాను: కనుక్కున్నది నోటుబుక్కులో దాచుకోకండి, చెప్పండి.

1970ల రెండో సగంలో ఆ పొరతో వానకోట్లు బజారుకొచ్చాయి. మొదటివి ఒంటి జిడ్డు తగిలి కారితే, లోపల సన్నటి పాలీయూరితేన్ పూత చేర్చారు. ఆ సాగదీసిన టెఫ్లానే గుండె శస్త్రచికిత్సల్లో కృత్రిమ రక్తనాళంగా, వ్యోమగాముల సూట్లలో పోగుగా చేరింది. ఫ్లోరిన్ రసాయనాల కాలుష్యం వల్ల ఇప్పుడు ఫ్లోరిన్ లేని పాలిథీన్ పొరకు మళ్ళుతున్నారు. 2022 నుంచి గోర్ వాళ్ళే అట్లాంటి కోట్లు తెచ్చారు.

అమెరికాలో ఉంటున్న మా తమ్ముడి పాత కోటు చెయ్యి కత్తిరించి తరగతికి తెచ్చాను. రెండు స్టీలు గ్లాసుల్లో మరిగిన నీళ్ళు పోసి, ఒకదానికి పాలిథీన్ కవరు, రెండోదానికి ఆ గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించి, పైన అద్దం పట్టుకున్నాం. గుడ్డ మీది అద్దం మసకబారింది. కవరు మీది అద్దంలో పిల్లల మొహాలు తేటగా కనిపించాయి. "అయితే సార్, ఇదే కొనుక్కోవాల్సింది" అన్నారందరూ.

అక్కడ ఇంకో లెక్క ఉంది. ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపలి ఆవిరి ఒత్తిడి బయటి కంటే ఎక్కువుంటేనే పోతుంది. చర్మం దగ్గర 34 డిగ్రీల్లో నిండు తేమ ఉంటే ఆ ఒత్తిడి 40 మిల్లీమీటర్ల పాదరసం. లంబసింగి చలిలో, 5 డిగ్రీల దగ్గర, నిండు తేమలో కూడా బయట ఆరున్నరే. తేడా 33 పైచిలుకు. మన ముసురులో 26 డిగ్రీలు, 90 శాతం తేమ అనుకుంటే బయటే దాదాపు 23 ఉంటుంది. తేడా 17. అదే కోటు మన ఊళ్ళో సగం పనే చేస్తుంది. పై గుడ్డ నానిపోయి చిల్లుల మీద నీటి పొర పరుచుకుంటే ఆ సగం కూడా పోతుంది.

అందుకే బట్టలు ఎంచుకునేటప్పుడు ఈ లెక్కే చూస్తాను. ఒంటిని తాకేది నూలు బనీను కాకూడదు, నూలు చెమటను పీల్చి పట్టుకు కూర్చుంటుంది. పలుచటి పాలియెస్టర్ గానీ సన్న ఉన్ని గానీ మేలు. చలి ఎక్కువైతే దాని మీద ఉన్ని స్వెట్టరు. పైన వదులు కోటు, చంకల కింద జిప్పులు ఉన్నది, వెనక చక్రం చిమ్మే బురదకు అడ్డంగా వీపు పొడుగున్నది. ఎత్తు ఎక్కే ముందే జిప్పులు తీయాలి, వాలు దిగే ముందే వేయాలి. బయలుదేరేటప్పుడు కాస్త చలేస్తుంటేనే సరిగ్గా తొడుక్కున్నట్టు. జూలై వెచ్చటి వానలో అయితే కోటు అక్కర్లేదు, తడవడమే సుఖం.

ఆ తర్వాతి ముసురుకు మా తమ్ముడి పాత కోటే, చెయ్యి పోయిన చోట గాలి ఆడుతుండగా, వేసుకెళ్ళాను. ఆ చెయ్యి మొత్తం వానకు తడిసింది. వీపు మాత్రం పొడిగా ఉంది. వరండాలో కుళాయి మర దగ్గర బొట్టు బొట్టుగా కారుతోంది. నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి, మిగిలిన టేపు చుట్టతో మర మీద ఐదు చుట్లు చుట్టి బిగించింది. చివరి జానెడు తెంపేముందు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజి చూసింది.